పద్నాలుగు పేరాల ఎంఓయూ: మ్యూచువల్ విడాకుల్లో నా అనుభవం

ఫస్ట్ మోషన్ (ఇద్దరం కలిసి పిటిషన్ వేసి మొదటిసారి హాజరవడం), సెకండ్ మోషన్ (గడువయ్యాక మళ్ళీ వచ్చి అదే మాట చెప్పడం), రెండూ కలిపి కోర్టు హాల్లో నేను జడ్జిగారి ముందు నిలబడింది పావుగంట కూడా ఉండదు. ఆ పావుగంట కోసం మేమిద్దరం రాసుకున్న ఒప్పంద పత్రం, అదే ఎంఓయూకి మాత్రం నాలుగు నెలలు పట్టింది. విడాకులు మంజూరు చేసే కోర్టు డిక్రీ వచ్చి మూడేళ్ళయింది. డిక్రీని బీరువాలోంచి తీసింది రెండే రెండుసార్లు, పాప పాస్‌పోర్టుకి ఒకసారి, స్కూలు మార్చినప్పుడు ఒకసారి. ఎంఓయూ జిరాక్సు అయితే వంటింటి అరలోనే ఉంటుంది, నెలకోసారైనా తిరగేస్తాను. అందుకని ఇందులో కోర్టు సంగతులు తక్కువ, ఆ కాగితం సంగతులు ఎక్కువ. ఎందుకు విడిపోయామన్నది రాయను. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ఈ విచారణలు ఆంతరంగికంగా జరగాలనీ, వివరాలు అచ్చు వేయకూడదనీ అంటుంది. అది లేకపోయినా రాసేదాన్ని కాదు.

ముందు నెలల లెక్క. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. మా లాయరు మేడమ్ మొదటి రోజే "13బి వేద్దాం" అన్నారు. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలోకి వచ్చిన ఈ పరస్పర అంగీకార విడాకుల సెక్షన్ ప్రకారం పిటిషన్ వేసే నాటికి ఇద్దరూ కనీసం ఏడాది విడిగా ఉండాలి. విడిగా అంటే వేరే ఇల్లే కానక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉంటూ భార్యాభర్తలుగా బతకకపోయినా చాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. కాకపోతే వేరే ఇల్లుంటే చూపించడం సులువు: అద్దె అగ్రిమెంటు, గ్యాస్ కనెక్షన్, పాప స్కూల్లో మార్పించిన అడ్రసు.

పిటిషన్ వేశాక 6 నెలలు ఆగాలి, 18 నెలలు దాటకూడదు. ఈ 6 నెలలూ పిటిషన్ దాఖలైన తేదీ నుంచి లెక్క. మొదటి వాయిదా నుంచో, స్టేట్‌మెంట్ ఇచ్చిన రోజు నుంచో కాదు. నేనే ఇరవై రోజులు ఎక్కువ లెక్కేసుకుని కూర్చున్నాను. ఇంకోటి, మేలో సివిల్ కోర్టులకి వేసవి సెలవులు. ఆరో నెల మేలో పడితే జూన్ దాకా కదలదు. పిటిషన్ వేసే నెల ఎంచుకునే వీలుంటే అది చూసుకోండి.

ఆ 6 నెలల గడువుని మాఫీ చేయమని అడగొచ్చు. 2017లో సుప్రీంకోర్టు అమర్‌దీప్ సింగ్ కేసులో దారి చూపించింది. అయితే ఫస్ట్ మోషన్‌కి ముందే ఏడాది, దాని మీద 6 నెలలు, మొత్తం ఒకటిన్నర ఏళ్ళు విడిగా గడిచి ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, డబ్బు, పిల్లల విషయం తేలిపోయి ఉండాలి. మేం విడిపోయి అప్పటికి 16 నెలలు. అప్పుడే వేసి 6 నెలలు ఆగితే 22. ఇంకో రెండు నెలలు ఆగి 18కి వేసి, మాఫీ దొరికితే 20 లోపే అయిపోతుంది. కానీ మాఫీ జడ్జిగారి విచక్షణ, దొరక్కపోతే 24. మేం ఆగకుండా వేసేశాం. మీరు ఇప్పటికే 17 నెలల దగ్గరుంటే మాత్రం ఆగడమే లాభం అనుకుంటాను.

ఏ కోర్టు అన్నది కూడా చిన్న విషయం కాదు. మన అడ్రసులో హైదరాబాద్ అని ఉంటుంది కానీ జిల్లా రంగారెడ్డో, మేడ్చల్-మల్కాజిగిరో అయి ఉండొచ్చు. పురానీ హవేలీలో ఉన్న ఫ్యామిలీ కోర్టు పరిధి వేరు, సికింద్రాబాద్‌ది వేరు, ఎల్బీనగర్‌ది వేరు. పెళ్ళి ఎక్కడైంది, చివరిసారి కలిసి ఎక్కడున్నారు, భార్య ఇప్పుడు ఎక్కడుంటోంది, వీటిలో ఏదో ఒకటి ఆ కోర్టు పరిధిలోకి రావాలి. ఆఫీసుకీ, పాప స్కూలుకీ దగ్గరలో ఉన్నది ఎంచుకుంటే సగం సెలవులు మిగులుతాయి. లాయరుకి ఇచ్చుకోలేనివాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం కింద ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ నంబరు 15100. ఇక ఇదంతా హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకున్నవాళ్ళ సంగతి. స్పెషల్ మ్యారేజ్ చట్టంలో ఇలాంటిదే 28వ సెక్షన్. ముస్లింలకీ క్రైస్తవులకీ దారి వేరు.

కాగితాలు: పెళ్ళి పత్రిక, పెళ్ళి ఫోటో, ఉంటే మ్యారేజ్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్, పాప జనన ధ్రువపత్రం, విడిగా ఉంటున్నట్టు ఆధారాలు, ఇద్దరివీ పాస్‌పోర్టు సైజు ఫోటోలు. చదవడానికి ఏమీ లేదనిపిస్తుంది. మా పిటిషన్ రెండుసార్లు ఆబ్జెక్షన్‌తో రిటర్న్ అయింది, రెండూ మా తప్పులే. మొదటిది పేరు. పత్రికలో చి.ల.సౌ. తర్వాత ఇంట్లో పిలిచే పేరు, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక, అదీ ఆయన ఇంటిపేరు. ముగ్గురు మనుషుల్లా ఉన్నాను. పిటిషన్‌లో ఆధార్ పేరు రాసి, మిగతావన్నీ "అలియాస్" అని చేర్చాక ఒప్పుకున్నారు. రెండోది విడిపోయిన తేదీ. పిటిషన్‌లో నేను ఇల్లు వదిలిన రోజు రాశారు, ఆయన అఫిడవిట్‌లో సామాను తీసుకెళ్ళిన రోజుంది. మధ్యలో 11 రోజుల తేడా. ఒక కాగితం మీద నాలుగు తేదీలు రాసుకోండి: పెళ్ళి, పాప పుట్టినరోజు, చివరిసారి కలిసి ఉన్నది, విడిపోయింది. పిటిషన్, ఇద్దరి అఫిడవిట్లు, ఎంఓయూ, అన్నిట్లో అవే ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకోండి.

ఇక ఎంఓయూ. 100 రూపాయల స్టాంపు పేపరు మీద లాయరు ఆఫీసు నుంచి వచ్చిన మొదటి డ్రాఫ్టులో పాప గురించి ఉన్నది ఒక్క వాక్యం. కస్టడీ తల్లిది, తండ్రికి "సముచితమైన రీతిలో" చూసే హక్కు. సముచితం ఎవరి దృష్టిలో? మాటామాటా లేని రోజుల్లో ఆ ముక్క చాలు. మాటామాటా వచ్చిన రోజు దాని మీద ఎవరైనా ఏమైనా అనొచ్చు. దాన్ని కొట్టేసి క్యాలెండర్ రాయడం మొదలుపెట్టాం. పూర్తయ్యేసరికి పద్నాలుగు పేరాలైంది.

నెలలో రెండో, నాలుగో శనివారం ఉదయం 10 నుంచి ఆదివారం సాయంత్రం 6 దాకా వాళ్ళ నాన్న దగ్గర. ముందు ఒకటో, మూడో శనివారం అనుకున్నాం. కానీ స్కూలుకి సెలవుండేది రెండో శనివారం. నాలుగోది స్కూలు పెట్టుకుంటే స్కూలు వదిలినప్పటి నుంచి. ఐదో శనివారం వస్తే నా దగ్గరే. పాపకి జ్వరమొచ్చి పంపలేకపోతే వచ్చే వారం బదులు. ఆయనకి వీలు కాక రాకపోతే బదులు లేదు. ఈ చివరి వాక్యం కోసం మూడు వారాలు వాదించుకున్నాం, అది రాసుకున్నందుకు తర్వాత ఇద్దరం సంతోషించాం. బుధవారం రాత్రి 7:30 నుంచి 8 దాకా వీడియో కాల్. ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఉంచే బాధ్యత పాప ఎవరి దగ్గరుంటే వాళ్ళది. చిన్నదే అనిపిస్తుంది కానీ "ఫోన్ ఆఫ్ అయింది" అన్న మాట ఎన్నిసార్లు గొడవైందో!

పండగలకి తేదీలు రాయకండి, పేర్లు రాయండి. తిథిని బట్టి తేదీలు ప్రతి ఏడూ మారతాయి. మేం సరి సంవత్సరం, బేసి సంవత్సరం అని పంచుకున్నాం. సద్దుల బతుకమ్మ ఎప్పుడూ మా అమ్మ వాళ్ళింట్లోనే, జమ్మి పెట్టే రోజు ఎప్పుడూ వాళ్ళ నానమ్మ దగ్గర. ఆ రెంటికీ మధ్య ఒకట్రెండు రోజులే ఉంటుంది కాబట్టి దింపేది ఎవరో, ఏ పూటో కూడా రాశాం. సంక్రాంతి మూడు రోజులూ బేసి ఏడు నాకు, సరి ఏడు ఆయనకి. ఊరికి టికెట్లు ముందే తీయాలి కాబట్టి భోగి, సంక్రాంతి, కనుమల్ని ముక్కలు చేయలేదు. పుట్టినరోజు మాత్రం మా అత్తగారి పుణ్యమా అని తేలిగ్గా తేలింది. ఆవిడ ఎప్పుడూ తిథి ప్రకారమే చేస్తారు. సరే, తిథి నాడు అక్కడ, తేదీ నాడు ఇక్కడ. పాపకి ఏటా రెండు కేకులు, దాని తరఫు నుంచి ఏ ఫిర్యాదూ లేదు.

వేసవి సెలవుల్ని "సగం సగం" అని రాస్తే కుదరదు. స్కూలుని బట్టి మొదలయ్యే రోజు మారిపోతుంది. మే 1 నుంచి 21 దాకా ఆయన దగ్గర, స్కూలు తెరిచే ముందు వారం రోజులు తప్పనిసరిగా నా దగ్గర అని రాశాం. పుస్తకాలకి అట్టలు, యూనిఫాం కుట్టించడం, బూట్ల సైజు మారడం, అంతా ఆ వారంలోనే పడుతుంది.

దింపే చోటు. మొదట మా అమ్మానాన్నల ఇల్లని రాశాం. పెద్ద పొరపాటు. "రా బాబూ, కాఫీ తాగి వెళ్ళు" అని మా అమ్మ, "వద్దండీ" అని ఆయన, లోపల్నుంచి మా నాన్న దగ్గు. రెండు నెలల తర్వాత మార్చుకున్నాం. స్కూలున్న రోజు స్కూలు గేటు, లేని రోజు మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర. పాపతో పాటు వెళ్ళాల్సిన వాటి జాబితా కూడా ఉంది: కళ్ళద్దాలు, హోంవర్కు డైరీ, వాడుతున్న మందులు, మోతాదు రాసిన చీటీ.

సంతకాల పేరా వేరుగా పెట్టమని నా గట్టి సలహా. కస్టడీ (పాప ఎవరి దగ్గర ఉంటుందన్నది) వేరు, గార్డియన్‌షిప్ (పాప తరఫున సంతకం పెట్టే చట్టపరమైన సంరక్షణ) వేరు. 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, "ఆయన తర్వాత" తల్లి అని ఉంటుంది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ "తర్వాత"కి అర్థం తండ్రి చనిపోయాకనే అని కాదు, తండ్రి ఆ బాధ్యతలో లేనప్పుడు అని కూడా అని చెప్పింది. అంటే కస్టడీ నాకొచ్చినంత మాత్రాన ఆయన సంతకంతో పని తీరిపోదు. స్కూలు టీసీకి ఎవరో ఒకరి సంతకం చాలు, అత్యవసరంగా ఆపరేషన్ అయితే పక్కనున్నవాళ్ళు పెట్టి రెండోవాళ్ళకి వెంటనే ఫోన్ చేయాలి, పాస్‌పోర్టు, వీసా కాగితాల మీద అడిగిన 15 రోజుల్లో సంతకం పెట్టివ్వాలి అని రాసుకున్నాం. పిల్లల పాస్‌పోర్టుకి ఇద్దరూ సంతకం చేసే డిక్లరేషన్ ఫారం పేరు అనెక్షర్ డి. ఒకరు పెట్టకపోతే అనెక్షర్ సి, దానికి తోడు కస్టడీ ఉన్న కోర్టు ఉత్తర్వు. ఆ పేరా ఉండబట్టి మాకు డి తోనే పనైపోయింది.

డబ్బు దగ్గర మాటలకి నిర్వచనాలు కావాలి. "స్కూలు ఫీజు సగం" అంటే ఏ ఫీజు? ట్యూషన్ ఫీజు ఒకటేనా, బస్సు, పుస్తకాలు, యూనిఫాం, స్కూలు మారితే అడ్మిషన్ ఫీజు కూడానా? అన్నీ పేరుపేరునా రాసి, రసీదు పంపిన 7 రోజుల్లో సగం నేరుగా స్కూలు ఖాతాకే అని పెట్టాం. నెలనెలా పాప ఖర్చుకి ఇచ్చే మొత్తం ఏటా జూన్‌లో పది శాతం పెరుగుతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఎవరు కడతారు, ఇన్సూరెన్స్ ఇవ్వని పళ్ళ వైద్యం, కళ్ళద్దాలు ఎవరివి, అవీ ఉన్నాయి.

ఒక వాక్యం మీద కన్నేసి ఉంచండి. మా మొదటి డ్రాఫ్టులో "భార్య తన తరఫున, మైనర్ తరఫున భవిష్యత్తులో ఎలాంటి భరణమూ కోరదు" అని ఉంది. చాలా ఎంఓయూల్లో ఇదే అచ్చు దిగుతుంది. నా హక్కు నేను వదులుకోవచ్చు. పిల్ల హక్కుని వదులుకోవడానికి నేనెవర్ని? అలా రాసినా పిల్లని కట్టిపడేయదు, హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద కోర్టు తర్వాత కూడా మార్చగలదు. కానీ ఆ వాక్యం ఉంటే రేపు అడిగిన ప్రతిసారీ దాన్ని ఎదురుగా పెడతారు. "మైనర్ తరఫున" కొట్టించాను.

నాకు రావాల్సిన మొత్తాన్ని రెండు డీడీలుగా తీసుకున్నాను, ఫస్ట్ మోషన్ రోజు సగం, సెకండ్ మోషన్ రోజు సగం. డీడీకి 3 నెలలే చెల్లుబాటు, రెండోది ముందే తీసి పెట్టుకోవద్దు. బంగారం, పెళ్ళి సామాను జాబితా ఎంఓయూకి జతచేశాం. "నగలన్నీ ముట్టాయి" అని కాకుండా ఏ నగ ఎన్ని గ్రాములో తూకంతో. పెద్దవాళ్ళు తులాల్లో చెబుతారు, లాకర్ చీటీలో గ్రాములుంటాయి, ఆ రెండూ పొసగక ఒక పూటంతా పోయింది. ఇద్దరి పేరు మీదా హోమ్ లోన్ ఉన్న ఫ్లాట్ ఉంటే బాగా ఆలోచించండి. ఈఎంఐ ఆయన కడతాడని కోర్టు రాసినా బ్యాంకు దృష్టిలో మీరు అప్పుదారే. బ్యాంకు రాతపూర్వకంగా మీ పేరు తీసే దాకా అంతే. వాటా మార్చుకునేదుంటే డిక్రీకి ముందు మారిస్తే మంచిదా, తర్వాతా అన్నది డాక్యుమెంట్ రైటర్‌నీ, ఆడిటర్‌నీ కూర్చోబెట్టి లెక్క వేయించండి. భార్యాభర్తల మధ్య బదిలీకున్న వెసులుబాట్లు డిక్రీ తర్వాత ఉండవు.

మా మధ్య వేరే కేసుల్లేవు. ఉన్నవాళ్ళు ప్రతి కేసూ నంబరుతో సహా ఎంఓయూలో ఎక్కించి, ఎవరు ఏ తేదీలోగా ఉపసంహరించుకోవాలో రాయించాలి.

కోర్టు రోజు. పదిన్నరకి పిలుస్తారని పదింటికే వెళ్ళాం. మా నంబరు వచ్చింది పన్నెండున్నర దాటాక. ఆ రోజు మన కేసు ఎన్నో నంబరో ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరు కొడితే తెలుస్తుంది. పిటిషన్‌లో ఇద్దరూ పిటిషనర్లే, ప్రతివాది ఉండరు. చీఫ్ అఫిడవిట్లు (మన సాక్ష్యం ప్రమాణం చేసి రాసిచ్చే కాగితాలు) ముందే వేసి ఉంటాయి, పెళ్ళి పత్రిక, ఫోటో, ఎంఓయూలని ఎగ్జిబిట్లుగా, అంటే సాక్ష్యపు కాగితాలుగా మార్క్ చేస్తారు. ఒరిజినళ్ళు తీసుకెళ్ళండి. "అమ్మా, మీ ఇష్టంతోనే వచ్చారా? ఎవరైనా బలవంతం పెట్టారా? మళ్ళీ కలిసుండే అవకాశం ఏమైనా ఉందా? పాప ఎవరి దగ్గరుంది? డబ్బు ముట్టిందా?" ఈ వరసలో అడిగారు. జవాబులు ఒక్క ముక్కలో చెప్పాలి. నా ముందున్నావిడ "ఇష్టమేనండీ, కానీ..." అని ఏదో మొదలుపెట్టింది. జడ్జిగారు వాళ్ళిద్దరినీ కౌన్సెలింగ్‌కి పంపించేశారు. అది తప్పేమీ కాదు, రాజీకి ప్రయత్నించడం ఫ్యామిలీ కోర్టు చట్టబద్ధమైన బాధ్యత. ఆ "కానీ" మీ మనసులో నిజంగా ఉంటే చెప్పడమే మంచిది. పాపని మేం తీసుకెళ్ళలేదు, తీసుకురమ్మని కోర్టు అడగనూ లేదు.

రెండో మోషన్‌కి ఒకరు రాకపోతే మొదటి సంతకం పనికిరాదు. డిక్రీ వచ్చే క్షణం దాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే సగం డబ్బు రెండో రోజుకి ఉంచేది. అమెరికాలో ఉన్నవాళ్ళయితే వీడియో ద్వారానో, పవర్ ఆఫ్ అటార్నీ ద్వారానో కోర్టు అనుమతితో నడిపిస్తారు. అక్కడ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఇక్కడికి చేరిన 3 నెలల్లో స్టాంపు వేయించాలి. అది మరిచిపోయి వాయిదా పడ్డవాళ్ళని ఆ వరండాలోనే చూశాను.

డిక్రీ చెప్పిన రోజే కాపీ అప్లికేషన్ వేయించండి. ఉత్తర్వు ఒకటి, డిక్రీ ఒకటి, రెండూ విడి కాగితాలు, రెంటికీ అడగాలి. నేను నాలుగేసి సర్టిఫైడ్ కాపీలు తీసుకున్నాను. వచ్చిన రోజే అక్కడే నిలబడి చదవండి. మా దాంట్లో పాప పుట్టిన సంవత్సరం ఒక అంకె తప్పు పడింది, పిటిషన్‌లో మేం టైపు చేసిన తప్పే కిందికి దిగింది. ఇలాంటి రాత తప్పులు సరిచేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 152వ సెక్షన్ ఉంది. ఓ చిన్న పిటిషన్, రెండు వాయిదాలు, ఆరు వారాలు.

తర్వాత మిగిలేది ఆఫీసుల చుట్టూ తిరగడం. విడాకులైనంత మాత్రాన నామినీ పేరు దానంతటది మారదు. పీఎఫ్, ఎల్ఐసీ, బ్యాంకు ఖాతాలు, ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్, అన్నీ ఒక్కొక్కటే మార్చుకోవాలి. నా పాస్‌పోర్టులో భర్త పేరు తీయించడానికి డిక్రీ అడగలేదు, 2016 డిసెంబరులో ఆ నిబంధన తీసేశారు. పాప పేరు, ఇంటిపేరు, జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు, ఏవీ మారవు, మార్చాలని మేం అనుకోలేదు. స్కూలుకి డిక్రీ మొత్తం ఇవ్వకండి. మన డబ్బు లెక్కలు వాళ్ళకెందుకు? కస్టడీ ఉన్న పేజీ, ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో రాసిన ఉత్తరం, రెండు ఫోన్ నంబర్లు చాలు. పేరెంట్స్ మీటింగ్ మెసేజ్ ఇద్దరికీ పంపమని ఆ ఉత్తరంలోనే రాశాను.

కస్టడీ, డబ్బు మారాలంటే మళ్ళీ కోర్టుకే వెళ్ళాలి. చిన్న చిన్న సర్దుబాట్లకి మేం తెల్లకాగితం మీద తేదీ వేసి, ఇద్దరం సంతకం పెట్టి, ఫోటో తీసి మెయిల్ చేసుకుంటాం. ఇప్పటికి అలాంటివి నాలుగయ్యాయి. చివరిది కిందటి నెల. ఆదివారం పాపకి ఈత క్లాసు పెట్టారు, అది వాళ్ళ నాన్న ఇంటి దగ్గర, ఐదున్నరకి వదులుతారు. సాయంత్రం 6 అన్న చోట 7 అని రాసుకున్నాం. తడి బట్టలు విడి సంచిలో వేసి పంపాలని కింద ఇంకో లైను నేనే చేర్చాను.